ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందా?

మైదానంలో ఒక సామెత ఉంది, ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని. పదిమంది సొత్తయిన గొర్రెకు జబ్బు చేస్తే నాకెందుకులే అని ఎవరికి వారు తప్పుకుంటారట. చివరికి అది పుచ్చి చస్తుందట. సామెత వరకే అయితే నవ్వి ఊరుకునేవాళ్ళం. కానీ ఈ మాటే చట్టమై, సిద్ధాంతమై, పాఠమై, ప్రాజెక్టు రిపోర్టై మన కొండల మీదికి వచ్చి కూర్చుంది. అందుకే దీన్ని మేము ఊరికే వదలదలచుకోలేదు.

గైడు తీసి చూడండి. "అడవుల నరికివేతకు కారణాలు రాయండి" అనే ప్రశ్న కింద ఒకటో కారణం పోడు వ్యవసాయం, రెండోది వంటచెరకు, మూడోది పశువుల మేపు. గూడెం పిల్ల ఆ జవాబు బట్టీ పట్టి, తన తల్లిదండ్రులు నేరస్థులని తన చేత్తోనే రాసి, అయిదు మార్కులు తెచ్చుకుంటుంది. గని గురించి ఆ జవాబులో అర్ధ వాక్యం ఉంటే ఎక్కువ. ఆనకట్ట కింద మునిగిన అడవి గురించి ఆ మాత్రం కూడా ఉండదు. ఆ జవాబు చెప్పించేది మనమే, పంతుళ్ళమే. కాబట్టి ఆ జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవలసిన బాధ్యత మొదట మనది.

కథ ఎక్కడిది?

1968 డిసెంబరులో అమెరికాలోని 'సైన్స్' పత్రికలో గారెట్ హార్డిన్ అనే జీవశాస్త్ర ఆచార్యుడు ఒక వ్యాసం రాశాడు. ఉమ్మడి ఆస్తి విషాదం అని దాని పేరు. అందులో ఒక కథ చెప్పాడు. అందరికీ తెరిచి ఉన్న పచ్చిక బయలు ఒకటి. ప్రతి కాపరీ ఇంకో పశువును తోలితే లాభం మొత్తం నాకే, నష్టం మాత్రం అందరికీ పంచుకోవచ్చు అనుకుంటాడు. ఒక్కొక్కరూ ఒక్కో పశువును పెంచుకుంటూ పోతారు. బయలు బీడైపోతుంది. దీనికి హార్డిన్ చూపిన దారులు ప్రధానంగా రెండు. ఆస్తిని ముక్కలు చేసి సొంతదారులకు ఇవ్వాలి, లేదా ప్రభుత్వం చేతికి అప్పగించి కట్టడి చేయాలి. ఆ బయలు చుట్టూ ఉన్న ఊరు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవచ్చు అనే ఊహ ఆయన కథలో లేదు.

ఇది ఏ ఊళ్ళోనూ తిరిగి, ఏ కాపరినీ అడిగి రాసిన సంగతి కాదు. కుర్చీలో కూర్చుని అల్లిన ఊహ. అయినా ప్రపంచంలోని విశ్వవిద్యాలయాలన్నీ దాన్ని పాఠంగా చెప్పాయి. అభివృద్ధికి అప్పులిచ్చే బ్యాంకులు దాన్ని ఆధారంగా పట్టుకున్నాయి. ఆ ఆచార్యుడి మనసు ఎటువంటిదో 1974లో ఆయనే చాటుకున్నాడు. ధనిక దేశాలు లైఫ్‌బోటులో ఉన్నాయనీ, నీళ్ళలో ఈదుతున్న పేద దేశాల వాళ్ళను ఎక్కించుకుంటే అందరూ మునుగుతారనీ, ఆకలి దేశాలకు తిండి సాయం చేయడం తప్పనీ వాదించాడు. 30 ఏళ్ళు గడిచాక, 1998లో, తాను చెప్పింది కట్టుబాటు లేని ఉమ్మడి ఆస్తి గురించి అని ఒప్పుకున్నాడు. ఆ ఒక్క మాట మొదటే ఉంటే ఎంత తేడా వచ్చేది! మొదటి వ్యాసం చదివినవాళ్ళలో ఆ సవరణ చదివినవాళ్ళు ఎంతమంది?

నిజానికి మన నెత్తిన కర్ర పడడానికి హార్డిన్ పుట్టనక్కర లేకపోయింది. తెల్లదొరలు 1878లో భారత అటవీ చట్టం, 1882లో మద్రాసు అటవీ చట్టం తెచ్చి, ఊళ్ళు చూసుకునే అడవిని రిజర్వు ఫారెస్టు అన్నారు. 1879లో రంపలో పితూరీ లేచింది. మన్సబుదారు దోపిడీ, కల్లు మీద పన్ను, అడవి మీద ఆంక్షలు దానికి కారణాలు. 1922 నుంచి 1924 దాకా గూడెం కొండల్లో అల్లూరి సీతారామరాజు వెనక మన పెద్దలు నడిచింది పోడు మీద ఆంక్షలూ రోడ్డు పనుల వెట్టీ భరించలేకనే. నిజాం పాలనలో జోడేఘాట్ కొండల మీద 1940లో కొమురం భీం నేలకొరిగింది జల్ జంగల్ జమీన్ కోసమే. దొరలు, నవాబులు కర్రతో చేసిన పనికి తర్వాత వచ్చిన ఆచార్యుడు శాస్త్రం చొక్కా తొడిగాడు. అంతే తేడా.

ఊరూరా తిరిగిన ఆవిడ

అదే అమెరికాలో ఇంకొక మనిషి ఉంది. పేరు ఎలినార్ ఆస్ట్రమ్. 1933లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టింది. ఆడపిల్లకు త్రికోణమితి ఎందుకని బడిలో వద్దన్నారు. ఆ లెక్కలు రాలేదనే కారణంతో అర్థశాస్త్రంలో డాక్టరేటుకు సీటు ఇవ్వలేదు. రాజనీతి శాస్త్రంలో చేరి 1965లో పట్టా పుచ్చుకుంది. అర్థశాస్త్రం గడప ఎక్కనివ్వని ఆ మనిషికే 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ విభాగంలో ఆ బహుమతి అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే. 2012లో చనిపోయింది. ఏదో ఒక పరీక్షలో మార్కులు తక్కువొచ్చాయని చదువు మానేద్దామనుకునే మన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఈ సంగతి చెప్పండి.

ఆవిడ చేసిన పని చాలా సాదాగా ఉంటుంది. ఉమ్మడి ఆస్తి నాశనమవుతుందని అందరూ అంటున్నారు కదా, నిజంగా ఏమవుతోందో చూద్దాం అనుకుంది. డాక్టరేటు కోసం లాస్ ఏంజెలెస్ దగ్గర భూగర్భ జలాలు వాడుకునేవాళ్ళను పరిశీలించింది. అందరూ తోడేస్తుంటే సముద్రపు ఉప్పునీరు లోపలికి చొరబడుతోంది. అప్పుడు వాళ్ళు కొట్టుకు చావలేదు. కూర్చుని, లెక్కలు చూసుకుని, ఎవరెంత తోడాలో ఒప్పందం చేసుకున్నారు. తర్వాత లోకమంతటా పరిశోధకులు తిరిగి రాసిన వందల ఊళ్ళ వివరాలు సేకరించి పక్కపక్కన పెట్టి చూసింది. 1990లో వచ్చిన 'గవర్నింగ్ ది కామన్స్' పుస్తకంలో వాటి సారం ఉంది.

రెండు ఊళ్ళ సంగతి చెబుతాం. స్విట్జర్లాండు కొండల్లో టోర్బెల్ అనే పల్లె. 1517 నాటి కట్టుబాటు ఒకటి అక్కడ ఉంది. చలికాలమంతా తన సొంత మేతతో ఎన్ని ఆవులను పోషించగలడో అన్ని ఆవులనే వేసవిలో ఉమ్మడి కొండ మీదికి తోలాలి. కొండ పాడు కాలేదు. టర్కీలో అలన్యా అనే రేవు. వందమంది దాకా జాలర్లు. ఏటా సెప్టెంబరులో చేపలు పడే చోట్లకు చీట్లు వేసుకుంటారు. రోజుకో చోటు చొప్పున అందరూ తూర్పుకు జరుగుతారు, జనవరి తర్వాత పడమరకు జరుగుతారు. మంచి చోటు అందరికీ వంతు వస్తుంది. ఎవడైనా వంతు తప్పి వల వేస్తే ఆ రోజు ఆ చోటు హక్కున్న జాలరే పట్టుకుంటాడు. జీతం ఇచ్చి కాపలా పెట్టనక్కర లేదు.

ఇలాంటివన్నీ చూసి, చాలాకాలం నిలిచిన ఊళ్ళలో ఎనిమిది లక్షణాలు కనిపిస్తున్నాయని ఆవిడ రాసింది. ఒకటి, ఏది ఉమ్మడి, ఎవరు హక్కుదారులు అనే ఎల్ల స్పష్టంగా ఉండాలి. రెండు, కట్టుబాటు ఆ నేలకూ ఆ కాలానికీ తగినట్టుండాలి. మూడు, కట్టుబాటుకు లోబడేవాళ్ళే దాన్ని రాసుకోవాలి, మార్చుకోవాలి. నాలుగు, కాపలా కాసేవాడు వాడుకునేవాళ్ళకు జవాబుదారీగా ఉండాలి. ఐదు, తప్పుకు దండగ చిన్నదిగా మొదలై, తప్పు పెరిగేకొద్దీ పెరగాలి. ఆరు, తగవు తీరడానికి దగ్గరలో, ఖర్చు లేని చోటు ఉండాలి. ఏడు, వీళ్ళు కూడి కట్టుబాటు పెట్టుకునే హక్కును ప్రభుత్వం కాలరాయకూడదు. ఎనిమిది, వనరు పెద్దదైతే ఊరి మీద ఊళ్ళ కూటమి, దాని మీద ఇంకో కూటమి, ఇలా అంచెలు ఉండాలి.

ఇది చదివిన మన పెద్దవాళ్ళెవరైనా, దీనికి బహుమతి ఎందుకిచ్చారో అని ఆశ్చర్యపోతారు. మామిడి కొత్త జరిగేదాకా కాయ ముట్టకూడదు అంటే ఏమిటి? కాయ ముదరాలి, టెంక గట్టిపడాలి, అందరికీ ఒకేసారి అందాలి. పోడు కొట్టినా ఇప్పను, చింతను, పనసను వదిలేస్తాం. జీలుగు చెట్టు ఎవరు గీయాలో ఊరికి తెలుసు. దేవత ఉన్న తోపులో కొమ్మ విరవం. తగవు వస్తే ఊరిపెద్దలు చెట్టు కింద కూర్చుంటారు, మొదటిసారికి మాటతో పోతుంది, రెండోసారికి తప్పు కడతారు. సవర ఊళ్ళలో కొండవాలుకు రాతి గట్లు కట్టి, పై మడి నీళ్ళు కింది మడికి దించే పద్ధతిని ఏ ఇంజనీరు నేర్పాడు? ఈ కట్టుబాట్లు అన్ని తెగల్లో, అన్ని ఊళ్ళలో ఒకేలా ఉండవు. ఉండకూడదు కూడా. రెండో లక్షణం చెప్పేది అదే.

అందుకే చెబుతున్నాం. ఉమ్మడిది వేరు, ఎవరిదీ కానిది వేరు. ఎవరిదీ కాని గొర్రె పుచ్చి చస్తుంది. ఉమ్మడి గొర్రెకు కాపరి ఉంటాడు, వంతు ఉంటుంది, తప్పు ఉంటుంది. హార్డిన్ ఈ రెంటినీ ఒకటే అనుకున్నాడు. అటవీశాఖ ఇప్పటికీ అలానే అనుకుంటోంది.

సాయం చేసేవాళ్ళ సంగతి

ఆస్ట్రమ్ పనిలో మనకు ఎక్కువగా పనికొచ్చేది ఇంకొకటుంది. దాన్ని మన దగ్గర ఎవరూ చెప్పరు. నేపాల్‌లో ఆవిడ బృందం వందకు పైగా సాగునీటి కాలువలను పోల్చి చూసింది. కొన్ని ప్రభుత్వం, విదేశీ సాయంతో సిమెంటుతో కట్టినవి. కొన్ని రైతులు రాయి, మట్టి, కొమ్మలతో కట్టుకుని ఏటా బాగుచేసుకునేవి. చూడడానికి సిమెంటు కాలువే గొప్ప. కానీ చివరి మడికి నీళ్ళు అందడంలోనూ, పంట దిగుబడిలోనూ రైతుల కాలువలే మెరుగ్గా ఉన్నాయి. కారణం వినండి. మట్టి కట్ట ఏటా తెగుతుంది. దాన్ని కట్టడానికి పై మడి వాడికి కింది మడి వాడి రెక్కలు కావాలి. కాబట్టి వాడికి నీళ్ళివ్వక తప్పదు. సిమెంటు కట్ట వచ్చాక పై వాడికి కింది వాడితో పని లేదు. కట్ట గట్టిపడింది, ఊరు విడిపోయింది.

2002లో స్వీడన్ ప్రభుత్వ సాయసంస్థ సీడా కోసం ఆవిడా, తోటి పరిశోధకులూ ఒక నివేదిక రాశారు. సాయం, ప్రోత్సాహకాలు, సుస్థిరత అనేవి దాని విషయాలు. భారతదేశంలో, జాంబియాలో నడిచిన ప్రాజెక్టులను చూసి రాశారు. ప్రాజెక్టు చూసే ఉద్యోగులు తొందరగా బదిలీ అయిపోతారు. వాళ్ళు పోయాక ఆ పని నిలిచిందా కూలిందా అనే దానితో వాళ్ళ ప్రమోషనుకు సంబంధం లేదు. ఏడాది చివరికల్లా డబ్బు ఖర్చు పెట్టాలనే తొందర ఉంటుంది. ఎవరి కోసం సాయమో ఆ జనానికి ప్రాజెక్టు మీద పెత్తనం ఉండదు. మనం ఐటీడీఏ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏళ్ళుగా చెప్పుకుంటున్న మాటలివి. విదేశీ ఆచార్యులు అచ్చు వేస్తే నివేదిక, మనం అంటే గొణుగుడు.

ఇప్పుడు మన దగ్గర ఏం జరిగిందో చూడండి. 1992 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో ఉమ్మడి అటవీ యాజమాన్యం అన్నారు. 1994లో ప్రపంచ బ్యాంకు అప్పుతో అటవీ ప్రాజెక్టు, 2002లో మళ్ళీ ఆ బ్యాంకు అప్పుతోనే సామూహిక అటవీ యాజమాన్య ప్రాజెక్టు వచ్చాయి. ఊరూరా వన సంరక్షణ సమితులు పెట్టారు. ప్రజల భాగస్వామ్యం అని గోడల మీద రాశారు. ఎనిమిది లక్షణాలతో ఆ సమితిని కొలుద్దాం. ఎల్ల ఎవరు గీశారు? అటవీశాఖ. కట్టుబాటు ఎక్కడ రాశారు? హైదరాబాదులో. మార్చే అధికారం ఎవరిది? వాళ్ళదే. కాపలావాడు ఎవరికి జవాబుదారీ? రేంజి ఆఫీసుకు. బ్యాంకు ఖాతాలో ఊరి అధ్యక్షుడి సంతకం పక్కన ఫారెస్టు ఉద్యోగి సంతకం లేకపోతే రూపాయి కదలదు. ఊరికి మిగిలిన భాగస్వామ్యం గోతులు తీసే కూలి. చాలా చోట్ల ఆ గోతులు తీసింది మన పోడు భూముల్లోనే. మన నేల మీద మన చేతే నీలగిరి మొక్క నాటించి, ఇక ఇది అడవి, అడుగు పెట్టొద్దు అన్నారు. నిధులు అయిపోయాక ఆ సమితులు ఎక్కడున్నాయో వెతకండి.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఆదివాసీలకు చారిత్రక అన్యాయం జరిగిందని ఆ చట్టమే ముందుమాటలో ఒప్పుకుంది. సెక్షన్ 3(1)(i) కింద ఊరు సంప్రదాయంగా కాపాడుకుంటున్న అడవిని కాపాడే, పెంచే, నిర్వహించే హక్కు ఊరిదేనంది. అంటే ఏడో లక్షణం చట్టమైంది. కానీ ఉమ్మడి రాష్ట్రంలో సామూహిక హక్కు పత్రాలు ఎన్నో గ్రామసభ పేరున కాక వన సంరక్షణ సమితుల పేరున ఇచ్చారు. దొడ్డిదారిన మళ్ళీ అటవీశాఖే వచ్చింది. తెలంగాణలో 2023లో సుమారు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాలిచ్చారు. మంచిదే. కానీ అవి వ్యక్తుల పట్టాలు. అడవి మీద ఊరి హక్కు సంగతి ఆ సభల్లో వినపడలేదు. హార్డిన్ చెప్పిన రెండు దారులే మళ్ళీ. ముక్కలు చేసి ఇవ్వడమో, సర్కారు దగ్గర ఉంచుకోవడమో. మూడో దారి చట్టంలో ఉంది, నేల మీద లేదు.

సుస్థిరత పేరుతో

ఇప్పుడు కొత్త మాట సుస్థిర అభివృద్ధి. 1987లో బ్రంట్‌లాండ్ కమిషను ఆ మాటకు అర్థం చెప్పింది. రేపటి తరాల అవసరాలకు గండి కొట్టకుండా ఈ తరం అవసరాలు తీర్చుకోవడం అని దాని సారాంశం. ఆ నివేదికలోనే, ఆదివాసుల సంప్రదాయ భూహక్కులను గుర్తించడమే న్యాయమైన విధానానికి మొదటి మెట్టు అని ఉంది. 2015లో ఐక్యరాజ్యసమితి 17 లక్ష్యాలు పెట్టింది. ఆ రంగురంగుల బొమ్మలు ఇప్పుడు మన ఆశ్రమ పాఠశాలల గోడల మీద కూడా ఉన్నాయి. మొదటి మెట్టు సంగతి మాత్రం ఏ గోడ మీదా లేదు.

ఆ మాట చాటున ఏం జరుగుతోంది? ఒకచోట అడవిని గనికి ఇచ్చి, దానికి బదులుగా ఇంకోచోట మొక్కలు నాటుతామంటారు. 2016లో దీనికి పరిహార అటవీకరణ నిధి చట్టం చేశారు. ఆ ఇంకోచోటు ఏది? ఎన్నోచోట్ల మన పశువులు మేసే బయలు, మన బీడు పోడు. నీలగిరి తోటను అడవి అని లెక్క రాస్తారు. అందులో అడ్డాకు దొరకదు, గడ్డలు దొరకవు, కుందేలు తిరగదు. లెక్కలో మాత్రం పచ్చగా ఉంటుంది.

పచ్చ కరెంటు సంగతి ఇంకొకటి. అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాల కొండల్లో పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టులకు అనుమతులిచ్చారు. కొండ పైన ఒక జలాశయం, కింద ఒకటి. కరెంటు మిగిలినప్పుడు నీళ్ళు పైకి తోడి, కరువైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు. బొగ్గు పొగ ఉండదు కాబట్టి పర్యావరణానికి మేలంటారు. బొగ్గు పొగ తగ్గాలని మేమూ కోరుతున్నాం. మా ప్రశ్న ఒక్కటే. ఎవరి వాగు, ఎవరి కొండ, ఎవరు ఒప్పుకున్నారు? అయిదో షెడ్యూలు ప్రాంతంలో గిరిజన భూమి ప్రైవేటు కంపెనీకి ఇవ్వరాదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పీసా చట్టం వచ్చింది 1996లో. పోలవరం కింద లక్షకు పైగా కుటుంబాలు నిర్వాసితులని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. వాళ్ళలో కోయలు, కొండరెడ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. రేపటి తరాల అవసరాలు అన్నారే, ఆ కొండరెడ్ల పిల్లలు రేపటి తరం కాదా?

మా మీద వేసే ప్రశ్నలు

ఇక్కడ కొందరు అడుగుతారు. మీ కట్టుబాట్లు ఇంకా ఉన్నాయా? ఇప్పుడు మీవాళ్ళే చెట్లు నరుకుతున్నారు కదా, పత్తి వేస్తున్నారు కదా, కొత్త పండుగ కాకముందే జీడిమామిడి తోటను షావుకారుకు రాసిస్తున్నారు కదా? ఈ ప్రశ్న నుంచి మేము పారిపోము. అవును, ఎన్నో ఊళ్ళలో కట్టుబాటు సడలింది. ఎందుకు సడలిందో చూడాలి. అడవి మీద హక్కు తీసేసి 140 ఏళ్ళయింది. రేపు ఈ చెట్టు నాది కాదని తెలిసినవాడు ఈ రోజే నరుకుతాడు. పోడుకు తిరిగే నేల తగ్గిపోయి, పదేళ్ళు బీడు పెట్టాల్సిన చోట రెండేళ్ళకే మళ్ళీ కొట్టాల్సి వస్తే పోడు చెడ్డదవుతుంది. హక్కు తీసేసినవాడే, చూశారా వీళ్ళు కాపాడలేరు అంటే, కాళ్ళు విరగ్గొట్టి నడవలేవని ఎగతాళి చేసినట్టు.

అలాగని ఆదివాసి పుట్టుకతోనే అడవి కాపరి, ప్రకృతి బిడ్డ అనే పొగడ్త కూడా మాకు వద్దు. లోకంలోని జీవవైవిధ్యంలో 80 శాతం ఆదివాసుల నేలల్లోనే ఉందని ఏళ్ళ తరబడి పెద్ద పెద్ద సంస్థలు రాశాయి. 2024లో 'నేచర్' పత్రికలో పరిశోధకులు, వారిలో ఆదివాసులూ ఉన్నారు, ఆ అంకెకు ఆధారం లేదని తేల్చిచెప్పారు. వాళ్ళు చేసింది మంచి పని. తప్పుడు అంకె మీద కట్టిన గౌరవం ఆ అంకెతోపాటే కూలుతుంది. అడవి మనది అనడానికి మనం దేవతలం కానక్కర లేదు. దున్నేవాడికి భూమి ఇచ్చేటప్పుడు వాడు మహానుభావుడా అని ఎవరూ అడగలేదు. మనల్నే ఎందుకడగాలి?

ఆస్ట్రమ్‌ను కూడా మేము తల మీద పెట్టుకుని ఊరేగడం లేదు. ఊరివాళ్ళు ఒకరితో ఒకరు ఎలా నెగ్గుకొస్తారో ఆవిడ బాగా చెప్పింది. ఊరి మీదికి కంపెనీ, కలెక్టరు, పోలీసు కలిసి వచ్చినప్పుడు ఏం చేయాలో ఎనిమిది లక్షణాల్లో దొరకదు. దానికి జవాబు ఒడిశాలోని నియమగిరిలో దొరుకుతుంది. బాక్సైటు గని కావాలో వద్దో గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాదే 12 గ్రామసభలు కూర్చున్నాయి. 12 కూడా వద్దన్నాయి. ఆ కొండ ఈనాటికీ డోంగ్రియా కోందుల దగ్గరే ఉంది. ఊరి కట్టుబాటు, చట్టం, పోరాటం, మూడూ కలిస్తేనే అది జరిగింది. ఒకటి తగ్గినా జరిగేది కాదు.

మహారాష్ట్ర గడ్చిరోలిలో మెండా లేఖా అనే గోండు ఊరిని కూడా చూడండి. మా ఊళ్ళో మా రాజ్యం అన్న ఊరది. ఏ నిర్ణయమైనా అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకుంటారు, చేతులెత్తించి ఓట్లు లెక్కపెట్టరు. 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు సాధించుకున్నారు. హక్కు పత్రం ఉన్నా వెదురు అమ్ముకోనివ్వలేదు. పోట్లాడి 2011లో రవాణా అనుమతి పుస్తకాన్ని గ్రామసభ చేతికే తెచ్చుకున్నారు. అడవి పుచ్చి చావలేదు. ఊరికి కూలీ దొరికింది, ఆదాయం వచ్చింది, వెదురూ ఉంది.

మనం చేయాల్సింది

పంతుళ్ళారా, మొదటి పని తరగతి గదిలోనే. అడవి ఎందుకు తగ్గింది అనే ప్రశ్నకు పిల్లల చేత ఊరి జవాబు రాయించండి. తాతను, అవ్వను అడిగి రమ్మనండి. మామిడి కొత్త ఎప్పుడు, వాగులో మందు కలిపి చేపలు పట్టేవాడికి ఊరు ఏం తప్పు వేసేది, ఏ చెట్టు నరకకూడదు, ఎందుకు. ఆ జవాబులు కోయలో, కువిలో, సవరలో, గోండీలో వస్తే అలాగే తెలుగు లిపిలో రాయించండి. 2020లో మూడో నెంబరు జీవోను సుప్రీంకోర్టు కొట్టేశాక ఏజెన్సీ బడుల్లో మన భాష తెలిసిన పంతుళ్ళు వస్తారన్న భరోసా పోయింది. ఉన్న మనమైనా ఈ పని చేయకపోతే ఆ మాటలు ముసలివాళ్ళతోనే మట్టిలో కలుస్తాయి.

యువకులారా, మీ పని గ్రామసభలో. 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీ ఉందా? అందులో మూడో వంతు ఆడవాళ్ళున్నారా? సామూహిక అటవీ వనరుల హక్కుకు వేసే దరఖాస్తు ఫారం 'సి'. వ్యక్తిగత పట్టాకు వేసే ఫారం 'ఎ' గురించి అందరూ చెబుతారు, 'సి' గురించి ఎవరూ చెప్పరు. ఊరి ఎల్ల పెద్దలతో నడిచి గుర్తించండి. పొరుగూరి పెద్దలను కూడా పిలవండి, తగవు రాదు. సెల్‌ఫోను పట్టుకున్న చెయ్యి మీది, వాగు పేరు తెలిసిన నోరు వాళ్ళది. రెండూ కలిపితే పటం తయారవుతుంది. తీర్మానం రాసి, తేదీ వేసి, రశీదు తీసుకోండి. రశీదు లేని దరఖాస్తు ఆఫీసులో పుచ్చి చస్తుంది.

ఇంకొక కట్టుబాటు కూడా పెట్టుకుందాం. పరిశోధకులు మన ఊళ్ళకు వస్తుంటారు. మన గడ్డల పేర్లు, మందుల పేర్లు, పండుగలు రాసుకుని వెళ్ళి డాక్టరు పట్టాలు పుచ్చుకుంటారు. వాళ్ళు రాసిన పుస్తకం ఒక్కటి కూడా మన బడి బీరువాలోకి రాదు. ఇకపై గ్రామసభ ముందు నిలబడి, ఏం రాస్తారో ఎవరి కోసం రాస్తారో చెప్పి, రాసిన తర్వాత మనకు అర్థమయ్యే భాషలో ఒక ప్రతి ఇస్తామని ఒప్పుకున్నవాళ్ళకే ఊళ్ళో చాప వేద్దాం. ఆస్ట్రమ్ లాంటివాళ్ళు వస్తే ఆ షరతుకు సంతోషంగా ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్ళు ఎలాంటివాళ్ళో అక్కడే తెలిసిపోతుంది.

సుస్థిరత అంటే ఏమిటో మనకు నేర్పడానికి మండల కేంద్రంలో శిక్షణ శిబిరం పెడితే వెళ్దాం, వాళ్ళిచ్చిన టీ తాగుదాం, వినేది విందాం. తర్వాత లేచి, మా అడవి హక్కు పత్రం ఏదని అడుగుదాం. అది చేతికి వచ్చేదాకా ఆ ప్రశ్న మానవద్దు.